మెరినో మడి

మానవజాతి చేపట్టిన పరిశోధనల్లో పరిశోధకుడికి ఎంతో కొంత శ్రమ తప్పదు. ఎలుకలను సాకాలి, నెలల తరబడి లెక్కలు రాయాలి, నిధుల కోసం దరఖాస్తుల మీద దరఖాస్తులు పెట్టాలి. కొండలెక్కేవాళ్ళు మెరినో గొర్రె ఉన్ని సాక్సులు తొడిగి చూసి, నక్షత్రాలిచ్చి సమీక్షలు రాసే పరీక్షలో మాత్రం ఒక పని చేయకుండా ఉండడమే పరిశోధన. ఆ పని ఉతకడం. "వారం రోజులు ఇవే సాక్సులతో నడిచాను, ఒక్కసారి కూడా ఉతకలేదు, అయినా వాసన రాలేదు" అని అమెరికాలోని కొలరాడోలో ఒకాయన ప్రకటిస్తే అది నిపుణుడి అభిప్రాయం. అదే మాట హాస్టలు నుంచి సెలవులకు వచ్చిన కుర్రవాడు తల్లితో అంటే ఏమవుతుందో పాఠకులకు చెప్పనక్కరలేదు.

ఈ వివక్షను ఖండించడం నా ఉద్దేశం కాదు. నేను ఆ శాస్త్రం పక్షానే ఉన్నాను. దానికొక పద్ధతంటూ లేకుండా పోతున్నదన్న బాధతోనే ఈ నాలుగు మాటలు.

ముందు ఉన్ని సంగతి. మెరినో గొర్రె పుట్టిల్లు స్పెయిన్. ఒకప్పుడు దాన్ని అనుమతి లేకుండా దేశం దాటించడం అక్కడ పెద్ద నేరం. చివరికి దాటింది, 1797లో ఆస్ట్రేలియా చేరింది, ఇవాళ ప్రపంచంలోని సన్న ఉన్నిలో సింహభాగం అక్కడిదే. గొప్పతనమంతా పోగు సన్నదనంలో ఉంది. మనిషి తలవెంట్రుక మందం సుమారు 50 నుంచి 100 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మెరినో పోగు సాధారణంగా 24 లోపే. ఉన్ని గుచ్చుకుంటుందంటే అందులోని మందపాటి పోగులు, ముఖ్యంగా 30 మైక్రాన్లు దాటినవి, చర్మాన్ని పొడుస్తున్నాయని అర్థం. సన్న పోగు చర్మానికి తగలగానే వంగిపోతుంది. దక్కనీ గొర్రె ఉన్నితో నేసిన నల్ల గొంగడి కప్పుకుని ముసురులో మంద వెంట తిరిగినవారికి ఈ మైక్రాన్ల విద్య పుస్తకాలతో పని లేకుండా వీపుకే తెలుసు. నెల్లూరు గొర్రె సంగతి వేరు. దానికి ఉన్నే ఉండదు, పొట్టి వెంట్రుకలు తప్ప. కనుక ఈ చర్చలో దానికి ఓటు లేదు. మాంసం చర్చ వచ్చినప్పుడు పిలుస్తాం.

మెరినో తన బరువులో దాదాపు మూడో వంతు తేమను ఆవిరి రూపంలో పీల్చుకుని కూడా చేతికి పొడిగానే తగులుతుంది. పత్తికి ఆ నిగ్రహం లేదు. చెమటను తాగి, బరువెక్కి, పాదాన్ని అంటిపెట్టుకుంటుంది. చలిలో ఆ తడి ఒంటి వేడిని లాగేస్తుంది. అందుకే "పత్తి ప్రాణం తీస్తుంది" అని అమెరికా కొండదారుల్లో అనుభవజ్ఞులు కొత్తవారిని హెచ్చరిస్తుంటారు. పొందూరు ఖద్దరు నేసిన జాతి మనది. ఇంత మాట విని కూడా సంయమనం పాటిస్తున్నామంటే మన సంస్కారం ఎంతటిదో గమనించాలి.

ఇక అసలు విషయం, వాసన. చెమటకు దానంతట దానికి పెద్దగా వాసన ఉండదు. చర్మం మీద కాపురముండే బాక్టీరియా చెమటలోని ల్యూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని విరగ్గొట్టి ఐసోవలెరిక్ ఆమ్లం తయారుచేస్తాయి. ఇంటాయన సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి బూట్లు విప్పగానే వంటింట్లో ఉన్నవారికి కూడా తెలిసేది ముఖ్యంగా ఈ ఆమ్లమే. ఉన్ని ఆ బాక్టీరియాను చంపదు. వాసన అణువులను పోగుల లోపలికి లాక్కుని, బయటకు పోనీయకుండా పట్టి ఉంచుతుంది, అంతే. కాబట్టి వారం రోజుల మెరినో సాక్సులో వాసన లేదనడం సాంకేతికంగా తప్పు. ఉంది, రిమాండులో ఉంది. ఉతికితేనే దానికి బెయిలు. మన పరీక్షకుడు బెయిలు దరఖాస్తు పెట్టడు కనుక అసలు నిందితుడే లేడని వాదిస్తాడు.

అలా వాదించడానికి ఆయనకున్న ఏకైక పరికరం ఆయన ముక్కు. ఏ వాసననైనా కొంతసేపు పీలిస్తే ముక్కు దాన్ని లెక్కచేయడం మానేస్తుందని తెలియనివారు లేరు. సొంత పాదాల గురించి సొంత ముక్కు ఇచ్చే సాక్ష్యానికి ఏం విలువ? బట్టల ప్రయోగశాలల్లో ఈ పనికి ప్రత్యేకంగా తర్ఫీదు ఇచ్చిన బృందాన్ని కూర్చోబెట్టి, నమూనా ఎవరిదో చెప్పకుండా వాసన చూపిస్తారు. కొండ మీద అంతటి ఏర్పాటు కుదరదు సరే, అదే గుడారంలో పక్కన పడుకున్న మనిషి వాంగ్మూలం సమీక్షల్లో ఎందుకు కనిపించదు? ఆయన మాట్లాడే స్థితిలో ఉన్నాడో లేడో ముందు విచారించాలి.

నిష్పాక్షికమైన న్యాయనిర్ణేత కావాలంటే ఒకటుంది. మలేరియాను మోసే అనాఫిలిస్ గాంబియే ఆడదోమ మనిషి పాదాల వాసనకు ఎంతగా ఆకర్షితమవుతుందో లింబర్గర్ అనే జున్ను వాసనకూ అంతే ఆకర్షితమవుతుందని తేల్చినందుకు 2006లో ఇగ్ నోబెల్ బహుమతి ఇచ్చారు. నవ్వించి ఆనక ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే బహుమతి అది. గుడారంలో ఒక మూల జున్ను, ఒక మూల సాక్సు పెట్టి దోమను వదిలితే తీర్పు నిమిషాల్లో వస్తుంది. గాంబియే ఆఫ్రికా జాతి, నిజమే. కానీ మన దగ్గరి దోమలకు కూడా తగిన అవకాశమిస్తే ప్రతిభ చూపించగలవని నా నమ్మకం. పైగా దోమకు ఉచితంగా రెండు జతలు పంపించి మంచి మాట రాయించుకున్న కంపెనీ ఇంతవరకూ లేదు.

ఇంత హడావుడి చేస్తున్నారు గాని, ఉన్నికి ఉతుకు అక్కరలేదన్న సిద్ధాంతం మనకు కొత్తది కాదు. మడి కట్టుకునే ఇళ్ళలో పెద్దవాళ్ళకు ధావళి, అంటే ఉన్ని మడిబట్ట, ఉండేది. నూలు బట్ట అయితే రోజూ తడిపి, ఎవరూ తగలని చోట దండెం మీద ఆరేయాలి. ఉన్నికీ పట్టుకూ ఆ బెడద లేదు, మైల అంటదు, మళ్ళీ మళ్ళీ కట్టుకోవచ్చు. అమెరికాలో ఆరిగాన్ అడవుల్లో గడ్డం పెంచుకుని, అవే సాక్సులు ఆరో రోజు తొడుక్కుని, ఇతరులు తన సంచీ ముట్టుకుంటే చిరాకుపడే యాత్రికుడు తనకు తెలియకుండానే మా ఊరి బామ్మల సంప్రదాయంలో నడుస్తున్నాడు. ఒక చిన్న తేడా ఉంది. ధావళి కట్టుకునే ముందు బామ్మ స్నానం చేసేది.

ఈ రంగంలో నిజమైన పరిశోధన చేసినవాడు ఒక్కడే నాకు కనిపిస్తాడు. న్యూజిలాండ్‌లో ష్రెక్ అనే మెరినో గొర్రె ఉన్ని కత్తిరింపు తప్పించుకుని, ఆరేళ్ళు కొండ గుహల్లో దాక్కుంది. 2004లో దొరికింది. దాని ఒంటి మీది నుంచి 27 కిలోల ఉన్ని తీశారు. ఆ కత్తిరింపును టీవీలో ప్రసారం చేశారు, తరువాత దాన్ని ప్రధాని హెలెన్ క్లార్క్ దగ్గరికి తీసుకువెళ్ళారు. ఆరు ఎండాకాలాలు, ఆరు చలికాలాలు, ఒక్క ఉతుకు లేదు, ఒక్క మార్పు లేదు. వారం రోజుల అనుభవంతో నాలుగున్నర నక్షత్రాలు పంచేవారు ఈ జీవి ముందు తల వంచాలి. అది మాత్రం ఏ అభిప్రాయమూ ప్రకటించకుండా 2011లో కన్నుమూసింది.

ప్రయోగశాలలవాళ్ళు మరోరకం మనుషులు. మార్టిండేల్ యంత్రం అని ఒకటుంది. బట్ట ముక్కను బిగించి, మరో బట్ట మీద అదే పనిగా రుద్దుతుంది, చిల్లు పడేవరకూ. దానికి అలుపు లేదు, దృశ్యాలు చూసి పరవశించదు, ఫొటోలు దిగదు. ఇంకొకటి చెమట పట్టే పళ్ళెం. మనిషి చర్మంలా 35 డిగ్రీల వేడి ఉంచి, నీరు ఊరేలా చేసి, దాని మీద బట్ట పరచి ఎంత ఆవిరి బయటకు పోతున్నదో కొలుస్తారు. ఐరోపావారు ఈ యంత్రానికి అంత ఖర్చు చేయడం చూస్తే జాలేస్తుంది. మే నెలలో విజయవాడకు ఒక టికెట్టు కొనుక్కుంటే పట్టణం పట్టణమే చెమట పట్టే పళ్ళెం, అద్దె కూడా లేదు.

ఇన్ని చెప్పినా, సమీక్షకుల దృష్టికి రాని అతి సులువైన పద్ధతి ఒకటి మిగిలే ఉంది. దేవుడు మనిషికి రెండు కాళ్ళిచ్చాడు. ఎడమకాలికి ఒక రకం, కుడికాలికి ఇంకో రకం తొడిగి, ఏది ఏదో నడిచేవాడికి చెప్పకుండా నడిపిస్తే సరిపోతుంది. 1990లో వెలువడిన ఒక అధ్యయనంలో దూరపు పరుగువాళ్ళకు పత్తి సాక్సులు, అక్రిలిక్ అనే కృత్రిమ దారపు సాక్సులు ఒకే మెత్తటి అల్లికతో చేయించి, ఏవి ఏవో తెలియనీయకుండా ఇచ్చి చూశారు. అక్రిలిక్ వేసుకున్నప్పుడు బొబ్బలు తక్కువ వచ్చాయి. ఆ పరిశోధకులే కొన్నేళ్ళకు మెత్తదనం తగ్గించిన మామూలు అల్లికతో మళ్ళీ చూస్తే ఆ తేడా కనిపించలేదు. అంటే బొబ్బ రావడానికి పోగు కులగోత్రాలొక్కటే కారణం కాదు. అల్లిక ఎలా ఉంది, మడమ దగ్గర బిగువుగా కూర్చుందా, బూటులో కాలు జారుతున్నదా, ఇవన్నీ తేల్చాలి. తేల్చాలంటే కొలవాలి. కొలవడం కంటే ఉతకకపోవడం తేలిక.

చీటీ తిప్పి చూస్తే ఇంకో రహస్యం బయటపడుతుంది. "మెరినో" అని పెద్దక్షరాలున్న చాలా సాక్సుల్లో ఉన్ని అరవై డెబ్బై శాతమే, మిగిలింది నైలాను, కాస్త సాగే దారం. మడమ దగ్గరా వేళ్ళ దగ్గరా చిరగకుండా కాపాడేది ముఖ్యంగా నైలానే. పేరు మాత్రం గొర్రెది. ఆ ఉన్ని కూడా గొర్రె మీద ఉన్నట్టే రాదు. ఉన్నిపోగు మీద పొలుసులుంటాయి. వేడినీటిలో పిసికితే అవి ఒకదానికొకటి చిక్కుకుని బట్ట ముడుచుకుపోతుంది. అలా కాకుండా క్లోరిన్‌తో ఆ పొలుసుల పదును తీసి, పైన పల్చటి పాలిమర్ పూత పూస్తారు. ఎందుకు? యంత్రంలో ఉతుక్కోవడానికి వీలుగా. రసాయన శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి కష్టపడి ఉన్నికి ఉతుకు తట్టుకునే శక్తినిచ్చారు. సమీక్షకులు ఆ శక్తిని వాడకుండా కాపాడుకుంటున్నారు.

అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రపు డార్న్ టఫ్ కంపెనీ తన సాక్సులకు జీవితకాలపు హామీ ఇస్తుంది. చిరిగితే పంపండి, కొత్తవి ఇస్తాం అంటుంది. జత పాతిక డాలర్ల చుట్టూ, అంటే మన డబ్బులో రెండు వేలకు పైమాట. ఈ హామీ వల్ల పరీక్షలకు ఒక తాత్త్విక సమస్య వచ్చిపడింది. చిరిగినప్పుడల్లా కొత్తది వస్తుంటే ఆ సాక్సు ఎప్పటికి చిరిగినట్టు? ఆ వాదం తర్కశాస్త్రజ్ఞులకు వదిలేసి, హామీలోని ఒక షరతు వైపు మాత్రం దృష్టి మళ్ళిస్తాను. పాత సాక్సులు పంపేముందు దయచేసి ఉతికి పంపమంటారు. కొండదారి పొడవునా ఎవరూ అనని మాటను తపాలా విప్పేవారు అన్నారు.

జీవితకాలం అన్న మాట వచ్చింది కనుక ఒకటి చెప్పాలి. 1924 జూన్‌లో ఎవరెస్టు శిఖరం దిశగా వెళ్ళి జార్జ్ మాలరీతో పాటు మాయమైన ఆండ్రూ ఇర్విన్ వయసు 22. నూరేళ్ళ తరువాత 2024 సెప్టెంబరులో రోంగ్‌బుక్ హిమానీనదం దగ్గర ఒక బూటు, అందులో పాదం దొరికాయి. అవి అతనివేనని చెప్పింది సాక్సు మీద కుట్టిన పేరు చీటీ. ఆ సాక్సుకు నక్షత్రాలివ్వడానికి నాకు చేయి రాదు.

మన దగ్గరికొస్తే, డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ మంచులోకి వెళ్ళేందుకు పేర్లిచ్చిన హైదరాబాదు బృందాలు అక్టోబరు నుంచే సాక్సుల పరీక్షల్లో మునుగుతాయి. పరీక్షాస్థలం పార్కు చుట్టూ సిమెంటు బాట, ఉష్ణోగ్రత ముప్పై పైన, ఎత్తు రెండు ఫ్లైఓవర్లు. ఫలితం: "కాస్త వేడిగా ఉన్నాయి." గొర్రె తయారుచేసిందే అందుకు కదా! అదే సమయంలో అలిపిరి దగ్గర ముసలీముతకా పసిపిల్లలూ చెప్పులు విప్పేసి 3,550 మెట్లు వట్టి కాళ్ళతో ఎక్కుతుంటారు. వారి సమీక్ష ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

పాఠకులు సలహా అడుగుతారు కనుక చెబుతున్నాను. మంచు కొండలకైతే మెరినో కొనండి, ఖర్చు దండగ కాదు. రెండు జతలుంటే చాలు, ఒకటి కాళ్ళకు, ఒకటి సంచీ మీద ఆరడానికి. అనంతగిరి గుట్టలకు ఒక పూట వెళ్ళి రావడానికి బజారులో దొరికే పల్చటి సింథటిక్ సాక్సులు సరిపోతాయి. ఉన్ని సాక్సులను చల్లని నీటిలో ఉతికి నీడన ఆరేయండి. బీరువాలో పెడితే పక్కన కలరా ఉండలు వేయండి; ఉన్నిలోని కెరాటిన్ అనే ప్రొటీన్‌ను తిని బతికే పురుగులు మన దగ్గర కూడా ఉన్నాయి, అవి నక్షత్రాలు చూసి తినవు. ఆపైన మీరూ ఒక సమీక్ష రాయాలనిపిస్తే నిరభ్యంతరంగా రాయండి. నాలుగున్నర ఇవ్వండి. తగ్గించిన ఆ అర నక్షత్రానికి కారణంగా రంగు నచ్చలేదని రాస్తే చాలు, ఎవరూ ఎదురడగరు.