బ్లాక్ హోల్ మింగింది నీళ్లనా, లెక్కనా?

సాగర్ ఎడమ కాలువ చివర పొలమున్న రైతును ఎవర్నన్న అడగుర్రి, పైన తూము లేపినంత మాత్రాన నీళ్లు కిందిదాక రావని చెప్తడు. అట్లని నీళ్లు మాయం కాలే, నడుమ ఎవరి మడిలకో పోయినయి, కానీ చివరాయనకు ఏదైతేంది, పొలం ఎండింది. వెలుతురు కూడ తప్పించుకోలేని బ్లాక్ హోల్ నుంచి వచ్చే రేడియేషన్, కణాల స్థితిల దాగిన క్వాంటం సమాచారాన్ని "నాశనం" చేస్తదని వీడియోలల్ల చెప్తుంటే నాకు ఇదే యాదికొస్తది.

బ్లాక్ హోల్ నుంచి సన్నగ వేడి బయటికొస్తదని హాకింగ్ 1974లో చెప్పిండు. ఇప్పుడు ఎంటాంగిల్ అయిన, అంటే ఎంత దూరమున్నా ఒకదాని కొలత ఇంకోదానితోని ముడిపడి ఉండే కణాల జంట ఒకటి ఉందనుకోండి, ఒక సగం లోపలికి పడిపోతున్న మనిషి దగ్గర, ఇంకో సగం హొరైజన్ (దాటితే మళ్ల బయటికి రాలేని గట్టు) పక్కనే, లోపల పడకుండ రాకెట్ ఆన్ చేసుకొని ఆగినాయన దగ్గర. ఈ ఆగినాయనకు గట్టు అవతల ఏముందో కనపడదు గదా, ఆ కనపడని వాటా ఆయన లెక్కల వేడిగ, గోలగ తేలుతది, ఎంటాంగిల్‌మెంట్ పల్చబడతది. టెలిపోర్టేషన్‌కైనా (ఒక కణం స్థితిని దూరంల ఉన్న ఇంకో కణానికి పంపుడు), మెసేజ్‌లను దాచే సీక్రెట్ కీలకైనా పెట్టుబడి ఆ ఎంటాంగిల్‌మెంటే మరి. అది ఏడికి పోయింది అంటే, హొరైజన్ అవతలికి.

2005లో ఫుయెంటెస్, మన్ అనే ఫిజిసిస్టులు ఈ లెక్క కట్టిర్రు. ఫోటాన్ లాంటి బోసాన్లకైతే వేడి పెరిగిన కొద్ది ఎంటాంగిల్‌మెంట్ సున్నా దిక్కు పోతది, అయినా జంట నడుమ ఉన్న మొత్తం సంబంధంల (మామూలు పొంతన కూడ కలిపి) సగం మిగుల్తది. ఎలక్ట్రాన్ లాంటి ఫెర్మియాన్లకు మాత్రం, 2006లో వచ్చిన ఇంకో లెక్క ప్రకారం, ఎంత వేడెక్కినా కొంత మిగిలే ఉంటది. ఎందుకంటే వీటికి ఒక సీట్ల ఒక్కరే కూర్చోవాలె, బోసాన్లేమో సంత రోజు దేవరకొండ బస్సు, ఎంతమందైనా ఎక్కుతరు, గోలకు లిమిట్ లేదు. నాకు ఈ తేడానే అన్నిట్లకంటె మజా అనిపిస్తది, దీని గురించి మాట్లాడెటోళ్లు మాత్రం తక్కువ.

ఇగ మన క్వాంటం కంప్యూటర్లకు డేంజరా అంటే, కాదు. సూర్యుడంత బరువున్న బ్లాక్ హోల్ దూరం నుంచి చూస్తే సుమారు 60 నానో కెల్విన్ వేడే, చుట్టూ ఆకాశమే 2.7 కెల్విన్ ఉన్నది. 2023లో కేంద్రం 6,003 కోట్లతో పెట్టిన క్వాంటం మిషన్‌కు తలనొప్పి ల్యాబ్‌ల ఉండే మామూలు వేడి, గోల. కాకపోతే రెండు చోట్ల జరిగే సంగతి ఒక్కటే, జంటల ఒక వాటా మన చెయ్యి దాటి పోతది.

మరి పోయింది మళ్లొస్తదా? సమాచారం పోకుండ ఉండాలంటే బ్లాక్ హోల్ సుమారు సగం కరిగినంక రేడియేషన్‌ల నుంచి అది బయటికి రావాలె అని ఫిజిసిస్ట్ డాన్ పేజ్ 1993లో గ్రాఫ్ వంపు గీసి చూపించిండు, 2019 నుంచి వచ్చిన లెక్కలల్ల కూడ అదే వంపు తేలింది. అంటే చివరి పొలానికి నీళ్లొచ్చినట్టు పుస్తకంల రాసి ఉన్నది, ఏ పిల్లకాలువల నుంచి వచ్చినయో చూసినోళ్లే లేరు.