టీసీ తీసుకునే ముందు

జూన్‌లో బడులు తెరుచుకునే వారంలో ప్రధానోపాధ్యాయుల గదుల ముందు నిలబడే తల్లిదండ్రుల్లో ఈమధ్య ఒక కొత్త వర్గం చేరింది. ఊరు మారామనో, ఫీజు కట్టలేకపోతున్నామనో కాదు, అబ్బాయిని పూర్తిగా ఆటలో పెడుతున్నామని చెప్పి బదిలీ పత్రం (టీసీ) అడిగేవారు వీరు. తిరుపతి, చిత్తూరు రెండు నగరాలకూ చెన్నై, బెంగళూరు దగ్గరే కాబట్టి అక్కడి అకాడమీల ఆకర్షణ ఇక్కడి ఇళ్లదాకా వస్తుంది. టీసీ అడగడానికి జంకేవారు మరో దారి పడుతున్నారు. పేరు ఒక ప్రైవేటు బడి హాజరు పట్టీలో ఉంటుంది, పిల్లవాడు ఇంకో నగరంలో నెట్స్‌లో ఉంటాడు, మార్చిలో మాత్రం హాల్‌టికెట్ ఇంటికి వస్తుంది. ఐఐటీ, నీట్ శిక్షణ కేంద్రాలు అలవాటు చేసిన డమ్మీ అడ్మిషన్ అనే ఈ దొడ్డిదారిలోకి ఇప్పుడు ఆటలు కూడా వచ్చి చేరాయి.

ఆ తల్లిదండ్రులను తప్పుపట్టే ముందు వారి కళ్లముందు ఏముందో చూడాలి. 2024 నవంబరులో జెడ్డాలో జరిగిన ఐపీఎల్ వేలంలో బిహార్ కుర్రవాడు వైభవ్ సూర్యవంశిని పదమూడేళ్ల వయసులో రాజస్థాన్ రాయల్స్ 1.10 కోట్ల రూపాయలకు తీసుకుంది. పద్నాలుగేళ్లు నిండి నెల తిరగకముందే అతడు బరిలో దిగాడు, 2025 ఏప్రిల్‌లోనే గుజరాత్ టైటాన్స్ మీద 35 బంతుల్లో సెంచరీ కొట్టాడు. ఆ వేలం ముగిసిన మూడు వారాలకే, చెన్నైలోని తెలుగు కుటుంబంలో పుట్టిన దొమ్మరాజు గుకేశ్ పద్దెనిమిదేళ్లకు ప్రపంచ చదరంగ విజేత అయ్యాడు. నాలుగో తరగతి తర్వాత అతడు రోజూ బడికి వెళ్లి కూర్చున్నవాడు కాదు. ఈ రెండు కథలు విన్న ఇంట్లో పన్నెండేళ్ల పిల్లవాడు బాగా ఆడుతుంటే, పెద్దల మనసు లెక్కలు వేయకుండా ఉండమంటే ఉంటుందా? సచిన్ ఏం చదివాడు అని వారు అడుగుతారు. కుంబ్లే, అశ్విన్ ఇంజనీర్లు కదా అని ఇవతలివారు బదులిస్తారు. ఇటువంటి ఉదాహరణలు ఎవరి వాదనకు కావలసినవి వారికి దొరుకుతాయి కాబట్టి ఆ జగడం ఎప్పటికీ తేలదు. తేలవలసింది మరొకటి ఉంది.

వైభవ్ అమ్ముడైన ఆ వేలానికి పేర్లు నమోదు చేసుకున్నవారు 1,574 మంది. అమ్ముడైనవారు 182 మంది. పేరు నమోదైన ఆ పదిహేను వందల పైచిలుకు మంది వీధి చివర ఆడుకునే కుర్రాళ్లు కారు, వారిలోని భారతీయులు దాదాపు అందరూ రాష్ట్ర జట్ల స్థాయికి వచ్చినవారే. ఐపీఎల్‌లో పది జట్లు ఉన్నాయి, జట్టుకు 25 మందిని మించకూడదు, అందులో ఎనిమిది మంది దాకా విదేశీయులు ఉండవచ్చు. ఆ ఎనిమిదీ నిండితే దేశం మొత్తానికి మిగిలేవి 170 స్థానాలు. వాటి కింది మెట్టు రంజీ. అక్కడ తుది పదకొండు మందిలో ఉన్నవాడికి రోజుకు కనీసం 40 వేల రూపాయలు, బెంచీ మీద కూర్చున్నవాడికి అందులో సగం ముడుతుంది. తక్కువ మొత్తమేమీ కాదు. కాకపోతే శ్రీకాకుళం నుంచి కుప్పం దాకా ఆంధ్రకు ఉన్నది ఒకే రంజీ జట్టు. క్రికెట్టే ఇలా ఉంటే, డబ్బు వాసన అంతగా సోకని హాకీ, అథ్లెటిక్స్, ఖోఖోల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

2025 ఫిబ్రవరిలో పుల్లెల గోపీచంద్ ఒక మాట అని చాలామందికి కోపం తెప్పించారు. కలిగిన ఇంట్లోనో, వెనక సొంత వ్యాపారం ఉన్న ఇంట్లోనో పుట్టకపోతే పిల్లలను ఆటను వృత్తిగా ఎంచుకోనివ్వవద్దన్నది ఆ మాటల సారాంశం. వందలమంది పిల్లలను ఆటగాళ్లుగా తీర్చిన మనిషి నోటినుంచి అది రావడం మాకూ మింగుడుపడలేదు. పేదింటి పిల్లకు మైదానం కూడా మూసేస్తే ఇక తెరిచేదేమిటి? అయినా ఆయన చూపిన గాయం నిజమైనదే. పై మెట్టు అందక మధ్యలో ఆగిపోయినవాడిని పట్టుకునే చెయ్యి మన వ్యవస్థలో లేదు. గుకేశ్ తల్లిదండ్రులిద్దరూ వైద్యరంగంలోని వారు. ఆట కుదరకపోతే ఆ ఇల్లు కూలిపోదు. బంగారుపాళెం మార్కెట్‌కు తోతాపురి మామిడి కాయలు తోలి, ధర పడిపోయిన 2025 వంటి ఏడాదిలో ట్రాక్టరు బాడుగ కూడా రాక వెనుదిరిగిన రైతు ఇంట్లో పిల్లవాడు ఏడో తరగతిలో బడి మానితే, అది వేరే జూదం. పందెం ఒకటే అయినా, ఓడితే పోయేది ఇద్దరికీ ఒకటి కాదు.

ఇక్కడ తల్లిదండ్రులకు ఎవరూ తీరికగా కూర్చోబెట్టి చెప్పని విషయం ఒకటుంది. ఆటలో పైకి రాకపోయినా కోటాలో ఉద్యోగం వస్తుందన్న ధీమా మన పల్లెల్లో బలంగా ఉంది. ఆ ధీమాలో సగం నిజం ఉంది. మిగతా సగం నోటిఫికేషన్ చదివితే గానీ తెలియదు. రైల్వే క్రీడా కోటాలో అట్టడుగు స్థాయి ఉద్యోగానికే పదో తరగతి ఉండాలి, ఆ పై రెండు స్థాయిలకు ఇంటర్ లేదా దానికి సమానమైనది, వాటి పై రెండింటికి డిగ్రీ అడుగుతారు. జాతీయ పోటీల్లో పతకం తెచ్చిన కుర్రవాడైనా పదో తరగతి సర్టిఫికెట్ లేకపోతే ఆ దరఖాస్తులో మొదటి గడి దాటలేడు. కానిస్టేబుల్ కావాలంటే ఇంటర్ కావాలి. రాష్ట్ర ప్రభుత్వం ఉద్యోగాల్లో క్రీడాకారుల వాటాను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచింది, 2025 మెగా డీఎస్సీలో ఆ వాటా అమలైంది. ఆటలో సాధించిన ఘనతను బట్టి ఉపాధ్యాయ పోస్టు ఇవ్వడం మెచ్చుకోదగినదే, కానీ ఆ పోస్టుకూ డీఈడీయో బీఈడీయో చదివి ఉండాలి. ఆడటం మానాక ఆట నేర్పి బతకవచ్చునంటారు. వ్యాయామ ఉపాధ్యాయుడు (పీఈటీ) కావాలంటే డీపీఈడీ, బీపీఈడీ చదవాలి. పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్ఐఎస్) ఇచ్చే కోచింగ్ డిప్లొమాకు సాధారణంగా డిగ్రీ ఉండాలి. ఆటగాడి బతుకుకు సర్కారు తెరిచిన ప్రతి తలుపు దగ్గరా కాపలావాడు అడిగేది చదువు కాగితమే. బడి మాన్పించిన అకాడమీ ఆ సంగతి ఏ కరపత్రంలోనూ వేయదు.

ఇంతకన్నా విచిత్రం, బడి మానినవాడికి ఆటలోని మెట్లు కూడా కొన్ని పోతాయి. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ నడిపే అండర్-14, అండర్-17, అండర్-19 పోటీలు బడిపిల్లలకే. మండలం, జిల్లా, రాష్ట్రం, జాతీయం అంటూ పేదపిల్ల చేతి నుంచి పెద్దగా ఖర్చు లేకుండా ఎక్కగల నిచ్చెన మన దేశంలో దాదాపు అదొక్కటే. ఆ తర్వాత విశ్వవిద్యాలయ జట్లు. 1954లో పుట్టిన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం తరఫున దక్షిణ మండల అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు వెళ్లే అవకాశం, తిరుపతిలో పెరిగిన పిల్లవాడికి ఇంటి గడపలో ఉన్న అవకాశం. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉన్నందున ఆడపిల్లకూ అంతే దగ్గర. 2020లో మొదలైన ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్‌లో ఆడాలన్నా ముందు విశ్వవిద్యాలయంలో విద్యార్థి అయి ఉండాలి.

అయితే బడి మానవద్దని ఆటగాళ్లకు చెప్పే హక్కు మన బడులకు ఉందా? సంకోచం లేకుండా లేదనే అంటున్నాం. విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని తన షెడ్యూల్‌లోనే రాసింది. మన నగరాల్లో నాలుగంతస్తుల అపార్టుమెంటులో నడిచే బడులు ఆ నిబంధనను ఎలా నెరవేర్చాయో వాటికి గుర్తింపు ఇచ్చినవారు చెప్పాలి. ఎనిమిదో తరగతికి రాగానే ఆటల పీరియడు ఫౌండేషన్ క్లాసు అవుతుంది. పదో తరగతికి రాగానే సాయంత్రం స్టడీ అవర్స్ చీకటిదాకా సాగుతాయి. తెల్లవారి ఎస్వీయూ మైదానంలోనో, చిత్తూరు మెసానికల్ మైదానంలోనో రెండు గంటలు సాధన చేసి తొమ్మిదింటికి పది నిమిషాలు ఆలస్యంగా వచ్చిన పిల్లవాడిని గేటు బయట నిలబెట్టే బడి, జిల్లా జట్టుకు ఎంపికైతే మాత్రం అతడి ఫొటోను ఫ్లెక్సీ మీద ర్యాంకుల పక్కన వేసుకుంటుంది. చదువా, ఆటా తేల్చుకో అన్న ప్రశ్నను పిల్లవాడు కనిపెట్టలేదు. ఆ ప్రశ్న బడి అడిగింది. కొందరు జవాబుగా టీసీ అడుగుతున్నారు.

వయసు సంగతి కూడా మాట్లాడుకోవాలి. ఎదిగే ఎముకలకు రోజూ ఒకే రకం దెబ్బ తగిలితే అవి నిలవవు. పదిహేను, పదహారేళ్లలో ఫాస్ట్ బౌలింగ్‌కు అలవాటుపడిన పిల్లల నడుము ఎముకలో పగుళ్లు రావడం క్రికెట్‌కు బాగా తెలిసిన జబ్బు. ఒకే ఆటకు పూర్తిగా అంకితం కావడాన్ని పదిహేను, పదహారేళ్ల దాకా వాయిదా వేయడం మంచిదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో సూచించింది. మన దగ్గర ఎనిమిదేళ్ల పిల్లవాడికే ఆట తేల్చేసి, పన్నెండేళ్లకు బడి మాన్పిస్తున్నారు. ఇక తొందర పుట్టించే రెండో రోగం జనన ధ్రువపత్రంలో ఉంటుంది. ఒకటి రెండేళ్లు తగ్గించి రాయించుకున్నవాడికి బడి రికార్డు అడ్డం. అందుకే కొందరికి బడి మారడం, కొన్నాళ్లు ఏ బడిలోనూ లేకపోవడం అనుకూలం. అండర్-16 స్థాయిలో బీసీసీఐ వయసు తేల్చే ఎముకల పరీక్ష పెట్టవలసి వచ్చిందంటే, కాగితం మీద నమ్మకం పోయే స్థితి ఎంతదాకా వచ్చిందో ఊహించుకోవచ్చు.

ఇతర దేశాల ఆటలు ఈ దెబ్బ తిన్నాకే బుద్ధి తెచ్చుకున్నాయి. టెన్నిస్‌లో జెన్నిఫర్ కాప్రియాటి 1990లో పద్నాలుగేళ్లు నిండకముందే వృత్తి క్రీడాకారిణి అయింది, ఆ ఏడాదే ఫ్రెంచ్ ఓపెన్ సెమీస్‌కు, రెండేళ్లకు ఒలింపిక్ స్వర్ణానికి చేరింది. పదిహేడేళ్లు వచ్చేసరికి అలసిపోయి ఆటకు దూరమైంది. ఆమె తిరిగి వచ్చి గ్రాండ్‌స్లామ్‌లు గెలవడం ఆమె గట్టిదనం. మహిళా టెన్నిస్ సంఘం మాత్రం అలా తిరిగి వచ్చే అదృష్టం మీద భారం వేయలేదు. 1995 నుంచి పద్నాలుగేళ్లలోపు పిల్లలను వృత్తి పోటీలకు రానివ్వక, ఆ తర్వాత పద్దెనిమిది నిండేదాకా ఏడాదికి ఎన్ని పోటీలు ఆడవచ్చునో హద్దు పెట్టింది. అమెరికా బాస్కెట్‌బాల్‌లోనూ హైస్కూలు నుంచి నేరుగా ఎన్‌బీఏలోకి దూకే దారి 2005 ఒప్పందంతో మూతపడి, పంతొమ్మిదేళ్ల నిబంధన వచ్చింది. ఈ హద్దులు పెట్టింది ప్రభుత్వాలు కావు, ఆ ఆటలతో వ్యాపారం చేసేవారే.

మన దగ్గర చట్టం చెప్పవలసింది ఎప్పుడో చెప్పింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల దాకా చదువు రాజ్యాంగం 21ఎ అధికరణం ఇచ్చిన హక్కు, ఆ వయసు పిల్లలను చదివించడం 51ఎ అధికరణం కింద తల్లిదండ్రుల విధి. కనుక ఏడో తరగతి పిల్లవాడిని బడి మాన్పించడం ఆ ఇంటి సొంత నిర్ణయం మాత్రమే కాదు. పద్నాలుగు నిండినవారికి సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదో తరగతి రాసే వీలుంది. అది న్యాయమైన దారి, డమ్మీ హాజరుకన్నా వెయ్యి రెట్లు నిజాయితీ గల దారి. జాతీయ, అంతర్జాతీయ పోటీల తేదీలు బోర్డు పరీక్షలతో ఢీకొంటే సీబీఎస్ఈ ఆ క్రీడాకారుల పరీక్షను వేరే రోజుకు మారుస్తోంది, హాజరులోనూ వారికి సడలింపు ఇస్తోంది. సీబీఎస్ఈ చేయగలిగినది ఏ బోర్డుకైనా చేతనయ్యేదే. నాలుగో తరగతి నుంచి పిల్లలను చేర్చుకునే కడప క్రీడా పాఠశాల చదువునూ ఆటనూ ఒకే ప్రాంగణంలో పెట్టవచ్చునని మన సీమలోనే చూపింది. దానిని మిగతా జిల్లాలకు విస్తరించడానికి డబ్బు కావాలి, సమయం కావాలి. ఈలోగా పెద్దగా డబ్బు అక్కరలేని పనులు కొన్ని ఉన్నాయి.

తిరుపతి, చిత్తూరు రెండు జిల్లాల్లోనూ విద్యాశాఖాధికారి, క్రీడాభివృద్ధి అధికారి ఒక బల్ల దగ్గర కూర్చోవాలి. జిల్లా సెలక్షన్స్ తేదీలు త్రైమాసిక, అర్ధ సంవత్సర పరీక్షల మీద పడకుండా చూడాలి. జిల్లా జట్లలో ఉన్న పిల్లలకు ఉదయం మొదటి పీరియడు మినహాయించి, సాయంత్రం ఆ పాఠం చెప్పే ఏర్పాటు చేయాలి. క్రీడా సంఘాలు పిల్లల పేర్లు నమోదు చేసేటప్పుడు ఆధార్ ఒక్కటే కాక ఆ ఏటి బోనఫైడ్ సర్టిఫికెట్ కూడా అడగాలి. బడి వేళల్లో పద్నాలుగేళ్లలోపు పిల్లలకు శిక్షణ ఇచ్చే అకాడమీల మీద, ఆ పిల్లల పేర్లు హాజరు పట్టీలో దాచిపెట్టే బడుల మీద ఒకేసారి తనిఖీ జరగాలి. ఒకరిని పట్టి మరొకరిని వదిలితే ప్రయోజనం లేదు, ఎందుకంటే ఆ ఇద్దరూ భాగస్వాములు. ఆడపిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. గాయమై ఇంటికి వచ్చిన మగపిల్లవాడికి మళ్లీ బడి గుర్తుకు రావచ్చును గానీ, చదువు ఆగి ఇంటికి వచ్చిన ఆడపిల్లకు ముందుగా సంబంధాలే వస్తాయి.

వచ్చే జూన్‌లో కూడా ప్రధానోపాధ్యాయుల దగ్గరికి తల్లిదండ్రులు వస్తారు. బదిలీ పత్రంలో బడి విడిచే కారణం రాసే గడి ఒకటి ఉంటుంది. ఆ గడిలో ‘క్రీడలు’ అని రాసి సంతకం పెట్టేముందు హెచ్ఎం ఆ బడి పీఈటీని పిలిపించాలి. పిల్లవాడి ఆట ఏ స్థాయిలో ఉందో, ఏ పూట సాధనకు వెళ్లాలో, ఏ పీరియడు సర్దవచ్చో ఇద్దరూ ఆ తండ్రి ముందే మాట్లాడుకోవాలి. ఆ బడిలో పీఈటీ పోస్టే ఖాళీగా ఉంటే, ఆ ఖాళీ సంగతి ఆ రోజే విద్యాశాఖాధికారికి రాసి పంపాలి.