చీటీ అడిగిన నేరానికి

మందుల షాపుకు వెళ్లడం, గాజుబల్ల మీద మోచెయ్యి ఆనించి మందు పేరు చెప్పడం, చేతిలో పడిన పొట్లంతో ఇంటికి రావడం మనిషి జన్మహక్కులని నేను గట్టిగా నమ్ముతాను. ఫార్మసిస్టులు వాటిని ఎంత నిర్దాక్షిణ్యంగా కాలరాస్తున్నారో లోకానికి తెలియాలి. మొన్న గొంతునొప్పికి యాంటీబయాటిక్ అడిగితే షాపులోని ఫార్మసిస్టు నా ముఖం చూసి "డాక్టరు చీటీ తెచ్చారా?" అన్నారు. గొంతు నాది, నొప్పి నాది, డబ్బు నాది. మధ్యలో డాక్టరు సంతకం ఎందుకు?

సరే, తెచ్చాను. ఆయన దాన్ని పొలం దస్తావేజులా అటూ ఇటూ తిప్పి చూశారు. పేరు, తేదీ, సంతకం, మోతాదు, ఎన్ని రోజులు. "ఇది నిరుటి చీటీ అండీ. పైగా పేరు మీది కాదు" అన్నారు. మా బావమరిదిది. మా ఇద్దరికీ ఒకే రకం జలుబు చేస్తుందని ఇంటిల్లిపాదికీ తెలుసు. చాలా గొంతునొప్పులు వైరస్ వల్లే వస్తాయనీ, వాటికి యాంటీబయాటిక్ పనిచేయదనీ, ఊరికే మింగుతూ పోతే బ్యాక్టీరియా రాటుదేలుతుందనీ చెప్పుకొచ్చారు. నేను అడిగింది మందు, జ్ఞానం కాదు.

అంతటితో ఆగలేదు. 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అనే నిద్రమందు చీటీ లేకుండానే అమ్మకానికి వచ్చిందట. వేవిళ్లు తగ్గుతాయని గర్భిణులూ వాడారు. 1961 నవంబరులో అక్కడ దాన్ని వెనక్కి తీసుకునేసరికి వేలమంది పిల్లలు చేతులూ కాళ్లూ సరిగా ఎదగకుండా పుట్టారు. విని కాసేపు నాకూ నోట మాట రాలేదు. తేరుకుని, "నేను గర్భిణిని కాదు కదా?" అన్నాను. ఆయన చాలాసేపు నన్నే చూస్తూ ఉండిపోయారు. వాదనలో నెగ్గానని అర్థమైంది.

మరుసటి వారం అత్తగారి చీటీ తీసుకెళ్లాను. ఈసారి పేరు, తేదీ, సంతకం అన్నీ సక్రమం. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్. "ఇంకేం మందులు వాడుతున్నారు? రక్తం పల్చబడే మాత్రలున్నాయా? ఏ మందైనా పడదా?" అని మొదలుపెట్టారు. ఇన్నేళ్లలో సాక్షాత్తూ ఆ అత్తగారే నన్ను ఇన్ని ప్రశ్నలు అడగలేదు. తర్వాత చీటీలో ఒక గీత దగ్గర వేలు ఆగింది. "రోజుకు ఒకటి" అని ఉంది. ఆయన మాత్రలు తీయకుండా ఫోను తీశారు. పది నిమిషాలు! డాక్టరు రాసిందాన్నే అనుమానించే సాహసం చూడండి. ఫోను పెట్టేసి, ఆ మాత్ర వారానికి ఒక్కసారే వేయాలనీ, రోజూ వేస్తే ఎముకమజ్జ దెబ్బతిని ప్రాణం పోవచ్చనీ చెప్పారు. పొట్లం మీద "సోమవారం మాత్రమే" అని లావుపాటి అక్షరాలతో రాసి, చుట్టూ రెండుసార్లు సున్నా చుట్టారు. నా పది నిమిషాలకు మాత్రం క్షమాపణ లేదు.

ఈ అనుమానం రోగం ఆయన ఒక్కరిదే కాదు. 1.0 అని రాస్తే చుక్క కనబడక పది అయిపోతుందని వీళ్ల భయం. 1990లో అమెరికాలో లోసెక్ అనే కడుపు మందుకు ప్రిలోసెక్ అని పేరే మార్చేశారు, ఒంట్లో నీరు తీసే లాసిక్స్‌తో పొరబడుతున్నారని. ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య పెడతారు. ఇక మత్తుమందులకు తాళం వేసిన బీరువా, ప్రతి మాత్రకూ రిజిస్టరులో లెక్క. బ్యాంకులో నా పొదుపు ఖాతాకు కూడా ఇంత కాపలా లేదు.

నేను మాత్రం పట్టు వదలలేదు. ఇంట్లో నా సొంత ఫార్మసీ ఉంది. టీవీ కింద సొరుగు. అక్కడ తాళం లేదు, రిజిస్టరు లేదు, ఎవరూ పేరు అడగరు. వెతికితే యాంటీబయాటిక్ దొరికింది. బావమరిదికి రెండు రోజుల్లో తగ్గిపోయిందని మిగిల్చిన మూడు మాత్రలు. వెనక్కి తిప్పి చూశాను. గడువు తేదీ ఉన్న ముక్కను అతను ఎప్పుడో కత్తిరించేశాడు.