దత్సూక్ దొరికింది లాటరీలో కాదు

ఏటా జూన్ నెలాఖరులో నేషనల్ హాకీ లీగ్ డ్రాఫ్టు, అంటే జట్లు కొత్త కుర్రాళ్లను ఎంచుకునే తంతు, అయిందంటే చాలు, ఐస్ హాకీ చూసేవాళ్ల మధ్య ఓ వాదన మళ్లీ చక్కర్లు కొడుతుంది. దాని సారం ఇది: "డ్రాఫ్టులో తెలివితేటలు పనిచేసేది మొదటి రెండు మూడు రౌండ్ల వరకే. ఆ తర్వాతంతా లాటరీ. పావెల్ దత్సూక్ అంత గొప్ప ఆటగాడని డెట్రాయిట్ జట్టుకు తెలిసుంటే 171వ స్థానం దాకా ఎందుకు ఆగింది? చివరి రౌండ్లలో ఎంపికైనవాళ్లలో చాలామంది లీగ్ గడప కూడా తొక్కరు. ఒకసారి అదృష్టం తగిలిన జట్టుకు మళ్లీ తగలదు. అలాంటి రౌండ్ల కోసం స్కౌట్లను, అంటే ప్రతిభను వెతికే మనుషులను, ఊరూరా తిప్పడం దండగ. లిస్టు చూసి పేరు చదివేస్తే సరిపోతుంది."

ఒక్కో ముక్కా విడిగా వింటే నిజమే కదా అనిపిస్తుంది. అందుకే ఇంతగా పాకింది. కానీ మొత్తం కలిపి తీసిన తీర్మానం తప్పు. పైగా, చలికి గడ్డకట్టే చిన్న చిన్న రింకుల్లో (ఐస్ హాకీ మైదానాల్లో) కూర్చుని, ఎవరూ పట్టించుకోని కుర్రాళ్ల ఆటను రాత్రుళ్లు రాసుకునే మనుషుల పనిని ఒక్క మాటతో కొట్టిపారేస్తుంది. అందుకే దీనికి జవాబు చెప్పాలి.

ఈ ఆటకు కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. డ్రాఫ్టు ఐపీఎల్ వేలం లాంటిది కాదు, ఇక్కడ ఎవరూ డబ్బు పాడరు. 32 జట్లు వరస ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండిన, లేదా నిండబోతున్న కుర్రాళ్ల పేర్లు పిలుస్తాయి. ఏడు రౌండ్లు, మొత్తం 224 పేర్లు. ఒకప్పుడు ఇంకా ఎక్కువ రౌండ్లు ఉండేవి. పేరు పిలిచిన జట్టుకు ఆ కుర్రాడి హక్కులు దక్కుతాయి, అంతే. అతను లీగ్‌లోకి రావడానికి మూడేళ్లు పట్టొచ్చు, ఐదేళ్లు పట్టొచ్చు, అసలు రాకపోనూవచ్చు.

ఇక మొదటి ప్రశ్న: తెలిసుంటే ఎందుకు ఆగారు?

పావెల్ దత్సూక్ 1978 జూలైలో పుట్టాడు. రష్యాలోని యెకాతెరిన్‌బుర్గ్ కుర్రాడు. 1998 డ్రాఫ్టు నాటికే అతన్ని ఎంచుకునే అవకాశం జట్లకు అంతకుముందు వచ్చింది, ఎవరూ తీసుకోలేదు. డెట్రాయిట్ తరఫున యూరప్‌లో తిరిగే స్వీడన్ స్కౌటు హోకన్ ఆండర్సన్ అసలు రష్యా వెళ్లింది ద్మిత్రీ కాలినిన్ అనే డిఫెన్స్ ఆటగాణ్ని చూడటానికి. అప్పటికి అందరి కళ్లూ కాలినిన్ మీదే. ఆ మ్యాచ్‌లో అవతలి జట్టులో ఒక బక్కపలచని కుర్రాడు పక్‌ని (ఐస్ హాకీలో బంతికి బదులు వాడే బిళ్లని) వదలకుండా ఆడుతూ కాలినిన్ జట్టును తిప్పలు పెట్టాడు. ఆ కుర్రాడే దత్సూక్. ఆండర్సన్ ఆ పేరు రాసుకున్నాడు. డ్రాఫ్టు రోజున కాలినిన్‌ని మొదటి రౌండులోనే, 18వ స్థానంలో బఫలో తీసుకుంది. దత్సూక్‌ని ఆరో రౌండులో, 171వ స్థానంలో డెట్రాయిట్ పిలిచింది.

ఇక్కడ చాలామంది గమనించనిది ఒకటుంది. డ్రాఫ్టులో ఒక జట్టు లెక్కేసుకోవాల్సినవి రెండు. కుర్రాడు ఎంత మంచివాడన్నది ఒకటి, అతని గురించి ఇంకెవరికి తెలుసన్నది రెండోది. మిగతా జట్ల మనుషులు ఆ రింకు దరిదాపులకే రాలేదని తెలిసినప్పుడు రెండో రౌండులో అతని పేరు పిలిస్తే ఆ ఎంపిక వృథా. ఆ స్థానంలో అందరికీ తెలిసిన ఇంకొకణ్ని తీసుకుని, ఇతన్ని తర్వాత తెచ్చుకోవచ్చు. కాబట్టి 171 అనే అంకె దత్సూక్ మీద డెట్రాయిట్‌కున్న అంచనా కాదు, అతన్ని దక్కించుకోవడానికి చెల్లించాల్సి వచ్చిన ధర.

అలాగని హాల్ ఆఫ్ ఫేమ్ (ఆటలో మేటిల గౌరవ జాబితా) ఆటగాడు దొరికాడని ఆ రోజు డెట్రాయిట్‌కి తెలుసనడమూ తప్పే. అంత తెలిస్తే ఎవరూ అన్ని రౌండ్లు ఆగరు. మరుసటి ఏడాది సంగతే చూడండి. 1999లో డెట్రాయిట్ వంతు మొదటిసారి వచ్చిందే 120వ స్థానంలో. హెన్రిక్ జెట్టర్‌బెర్గ్‌ని 210లో పిలిచేలోపు అదే జట్టు ఇంకో ముగ్గుర్ని తీసుకుంది. లాటరీ వాదులు దీన్నే పట్టుకుని చూపిస్తారు. న్యాయమే, చూపించనివ్వండి. కానీ తెలియడం అంటే పూర్తిగా తెలియడమో అసలు తెలియకపోవడమో మాత్రమే కాదు. మాటవరసకి, ఆ దశలో మిగిలిన పేర్లలో ఒక్కొక్కరికి యాభైలో ఒక అవకాశం ఉందనుకుందాం. ఒక స్కౌటు తన కళ్లతో చూసి, ఈ కుర్రాడికి పదిలో ఒకటి ఉందని పట్టుకోగలిగితే అది మామూలు విషయమా? అప్పటికీ పదిలో తొమ్మిదిసార్లు అతని మాట తప్పవుతుంది. అయినా పక్కవాడి కంటే ఐదు రెట్లు మేలు. ఆ ముగ్గురి తర్వాతైనా జెట్టర్‌బెర్గ్ పేరు డెట్రాయిట్ కాగితం మీద ఉంది. 2008లో డెట్రాయిట్ లీగ్ టైటిలైన స్టాన్లీ కప్ గెలిచినప్పుడు ప్లేఆఫ్స్‌లో అత్యుత్తమ ఆటగాడి ట్రోఫీ అందుకున్నది అతనే.

రెండో ముక్క: చివరి రౌండ్లవాళ్లలో చాలామంది లీగ్ గడప తొక్కరు. ఇది నిజం. దీన్ని కాదనేవాళ్లెవరూ లేరు. వాదన గాడి తప్పేది దీని నుంచి తీసే అర్థం దగ్గరే.

డ్రాఫ్టు స్థానాలను, తర్వాతి కెరీర్లను పక్కపక్కన పెట్టి గీత గీస్తే, మొదటి రౌండులో విజయావకాశం నిట్టనిలువునా పడిపోతుంది, మూడో రౌండు దాటాక దాదాపు చదునవుతుంది. నాలుగో రౌండు కుర్రాడికీ ఏడో రౌండు కుర్రాడికీ సగటున పెద్ద తేడా కనిపించదు. లాటరీ వాదానికి ఆయువుపట్టు ఈ చదును గీతే. కానీ అది చెప్పేదేంటి? అక్కడికొచ్చేసరికి అందరూ కలిసి పెట్టుకున్న వరసక్రమంలో సమాచారం అయిపోయిందని. అంతేగానీ ఆ కుర్రాళ్ల మధ్య తేడాలే లేవని కాదు. వాళ్లలో ఒకడు జేమీ బెన్ లాంటి స్టార్ అవుతాడు, పక్కవాడు రెండేళ్లలో ఆట మానేస్తాడు. తేడా కొండంత ఉంది, దాన్ని ఆ వరస పట్టుకోలేకపోతోంది. సొంతంగా చూసే కళ్లకు ఎక్కువ ఫలితం దక్కేది కూడా సరిగ్గా అక్కడే.

మరి ఏం చూడాలి? నా లెక్కలో ప్రశ్న ఒక్కటే: ఈ కుర్రాడు ఇంత కిందికి ఎందుకు జారాడు? ఆట రాక జారితే చేసేదేమీ లేదు. కానీ చాలాసార్లు కారణం వేరే ఉంటుంది, ఆ కారణాలు ఏళ్ల తరబడి అవే.

ఆడుతున్న చోటు ఒక కారణం. కానర్ హెలెబక్ 2012లో ఐదో రౌండులో, 130వ స్థానంలో విన్నిపెగ్‌కి దొరికాడు. అప్పుడతను గోలీగా (గోల్ కీపర్‌గా) ఆడుతున్నది టెక్సస్‌లోని ఒడెస్సా పట్టణంలో, జాకలోప్స్ అనే జట్టుకు. చమురు బావుల ఊరు. హాకీ స్కౌటు విమానం దిగాలనుకునే చోటు కాదు. పెద్ద జూనియర్ లీగుల్లో ఒకటి కాదది. ఏడాది ముందే డ్రాఫ్టుకు అర్హత ఉన్నా ఎవరూ పట్టించుకోలేదు. ఆ కుర్రాడు లీగ్‌లో ఉత్తమ గోలీకిచ్చే వెజినా ట్రోఫీ 2020లో, 2024లో, 2025లో గెలిచాడు. 2025లోనే మొత్తం లీగ్‌కి అత్యంత విలువైన ఆటగాడిగా హార్ట్ ట్రోఫీ కూడా అందుకున్నాడు. మన తెలుగువాళ్లు అంతమంది ఉన్న డల్లాస్‌లో స్టార్స్ జట్టు కెప్టెన్ బెన్ కథా దాదాపు అంతే. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో రెండో అంచె జూనియర్ లీగ్‌లో ఆడుతూ 2007లో 129వ స్థానంలో వచ్చాడు. 2014–15 సీజన్‌లో 87 పాయింట్లతో (కొట్టిన గోల్స్, అందించినవి కలిపి) లీగ్ మొత్తానికి అగ్రస్థానంలో నిలిచాడు.

పుట్టిన నెల ఇంకో కారణం. 1980 నుంచి 2007 దాకా జరిగిన డ్రాఫ్టులను పరిశీలించి 2013లో ప్రచురించిన ఒక పరిశోధన, ఏడాది రెండో సగంలో పుట్టినవాళ్లు తర్వాత చూపిన ఆటకు తగిన స్థానం కంటే సగటున 40 స్థానాలకు పైగా కిందికి జారారని తేల్చింది. జూనియర్ హాకీలో వయసు లెక్క జనవరి 1 నుంచి మొదలవుతుంది. జనవరి కుర్రాడూ డిసెంబర్ కుర్రాడూ ఒకే గుంపులో ఆడతారు. ఎముక ముదిరినవాడు మెరుస్తాడు, లేతవాడు తేలిపోతాడు. మరి లాటరీ అయితే పుట్టిన నెల చూసి పక్షపాతం చూపిస్తుందా?

పొట్టివాళ్ల సంగతి అందరికీ తెలిసిందే. 2024లో తమ్ముడితో కలిసి సైకిల్ మీద వెళ్తూ కారు గుద్ది చనిపోయిన జానీ గాడ్రో 2011లో 104వ స్థానంలో వచ్చినవాడు, 2021–22లో 115 పాయింట్లు చేసినవాడు. రష్యా ఆటగాళ్ల విషయంలో భయం ఆట గురించి కాదు, అసలు ఇటు వస్తాడా రాడా అని. కిరిల్ కాప్రిజోవ్‌ని 2015లో 135వ స్థానంలో తీసుకున్న మిన్నెసోటా ఐదేళ్లు కాచుకుని కూర్చుంది. వచ్చిన మొదటి సీజన్‌లోనే అతను ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. మార్క్ స్టోన్ స్కేటింగ్ నెమ్మదని 2010లో ఆరో రౌండుకు, 178కి జారాడు. ఆ లోపం నిజమే. కానీ పక్ ఎటు వస్తుందో ముందే పసిగట్టే తెలివి, కర్రతో దాన్ని లాగేసుకునే నేర్పు కాళ్ల లోటును పూడ్చాయి. 2023 ఫైనల్ ఆఖరి మ్యాచ్‌లో మూడు గోల్స్ కొట్టి వేగస్ కెప్టెన్‌గా కప్ ఎత్తాడు. లోపం ఉందా లేదా అన్నది అందరూ రాసుకుంటారు. దాన్ని పూడ్చే గుణం పక్కనే ఉందా అన్నది చూడటమే మంచి స్కౌటు పని.

గోలీల గురించి వేరే చెప్పాలి. పద్దెనిమిదేళ్ల గోలీని అంచనా కట్టడం ఈ ఆటలోకెల్లా కష్టం. వాళ్లు ఆలస్యంగా పండుతారు. 2000 డ్రాఫ్టులో అందరికంటే ముందు పిలిచిన పేరు గోలీ రిక్ డిపియెట్రోది. గాయాలు అతన్ని తినేశాయి. అదే డ్రాఫ్టులో 205వ స్థానంలో వచ్చిన హెన్రిక్ లుండ్‌క్విస్ట్ న్యూయార్క్ రేంజర్స్‌కి 459 విజయాలు తెచ్చిపెట్టి హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్లాడు. ఈ ఒక్క విభాగంలో అదృష్టం పాలు ఎక్కువేనని ఒప్పుకుంటాను. కానీ అలాంటప్పుడు గోలీలను మొదటి రౌండులో ఎగబడి తీసుకోవడం తగ్గించి, కింది రౌండ్లలో ఓపిగ్గా వెతకడమే తెలివైన పని. అదీ వెతుకులాటే.

మూడోది, ఒకసారి తగిలిన అదృష్టం మళ్లీ తగలదన్న మాట. డెట్రాయిట్ లెక్క చూడండి. 1989 అనే ఒక్క డ్రాఫ్టులో 53లో నిక్లాస్ లిడ్‌స్ట్రోమ్, 74లో సెర్గెయ్ ఫెదొరోవ్, 221లో వ్లాదిమిర్ కాన్‌స్తాంతినోవ్. సోవియట్ ఆటగాళ్లు దేశం దాటి రాగలరో లేదో తెలియని రోజుల్లో చేసిన సాహసం అది. 1994లో 257వ స్థానంలో తోమస్ హోల్మ్‌స్ట్రోమ్. తర్వాత దత్సూక్, జెట్టర్‌బెర్గ్. పదేళ్లలో ఇన్నిసార్లు ఒకే వైపు నుంచి తగిలేదాన్ని లాటరీ అనరు. ఈ జాబితా గెలిచినవాళ్లదే, నిజం. అదే డెట్రాయిట్ తీసుకున్న పేర్లలో మనమెప్పుడూ వినని వాళ్లు బోలెడంతమంది. ఆ తర్వాత ఆ ఊట పలచబడిన మాటా నిజమే. కానీ ఎందుకు పలచబడింది? మిగతా జట్లూ యూరప్‌కి మనుషుల్ని పంపాయి. వీడియోలు వచ్చాయి. యెకాతెరిన్‌బుర్గ్‌లో ఎవరికీ కనిపించకుండా ఆడే దత్సూక్ ఇక ఉండడు. మిగతావాళ్లు కళ్లు తెరవగానే ఆ మేలు తగ్గిందంటే, దానికి మూలం ఎక్కువ చూడటమే అనుకోవడం సబబు.

ఓపిక గురించి కూడా ఒక మాట. ఇన్నాళ్లూ ఉన్న నిబంధనల్లో కెనడా పెద్ద జూనియర్ లీగుల కుర్రాడితో రెండేళ్లలో ఒప్పందం చేసుకోకపోతే హక్కులు పోయేవి. అమెరికా కాలేజీకి వెళ్లేవాడి మీద అంతకంటే చాలా ఎక్కువ కాలం ఉండేవి. 2003లో 205వ స్థానంలో వచ్చిన జో పావెల్స్కీని శాన్ హోసే తొందరపెట్టలేదు. విస్కాన్సిన్ యూనివర్సిటీలో ఆడి, 2006లో జాతీయ టైటిల్ గెలిచి, అప్పుడొచ్చాడు. వెయ్యి మ్యాచ్‌లకు పైగా ఆడాడు.

చివరిది, లిస్టు చూసి పేరు చదివేస్తే చాలన్న సలహా. ఏ లిస్టు? లీగ్ సొంత సెంట్రల్ స్కౌటింగ్ విభాగం ఇచ్చేది ఒక వరస కాదు, నాలుగు: ఉత్తర అమెరికా స్కేటర్లు (గోలీలు కాని ఆటగాళ్లు), అక్కడి గోలీలు, బయటి దేశాల స్కేటర్లు, బయటి దేశాల గోలీలు. స్వీడన్‌లో పదిహేనో వాడు గొప్పా, ఒంటారియోలో అరవయ్యో వాడు గొప్పా అన్నది అందులో రాసి ఉండదు. ఆ నాలుగింటినీ కలిపి ఒకటి చేయాలంటే ఇద్దర్నీ చూసిన మనిషి కావాలి. ఏ మనిషినైతే ఈ వాదం దండగ అంటోందో అతనే కావాలి.

చివరి రౌండ్లకు విలువ లేదనేవాళ్లు ఇష్టంగా చెప్పే కథ 1974 నాటిది. డ్రాఫ్టు సాగుతూనే ఉండటంతో విసిగిపోయిన బఫలో జనరల్ మేనేజర్ పంచ్ ఇమ్లాక్, పదకొండో రౌండులో 183వ స్థానంలో తారో త్సుజిమోతో అని లేని జపాన్ ఆటగాడి పేరు ఇప్పించాడు, లీగ్ రాసేసుకుంది. కథ అక్కడితో ఆపేస్తారు. అదే డ్రాఫ్టులో 214వ స్థానంలో, పద్నాలుగో రౌండులో, న్యూయార్క్ ఐలాండర్స్ స్వీడన్ నుంచి స్టెఫాన్ పెర్సన్ అనే డిఫెన్స్ కుర్రాడి పేరు ఇచ్చింది. 1980 నుంచి 1983 దాకా ఐలాండర్స్ వరసగా నాలుగు స్టాన్లీ కప్‌లు గెలిచింది. నాలుగింటిలోనూ పెర్సన్ ఉన్నాడు.