ఉప్పు లేని ఊళ్ళో తుప్పు భయం

అమెరికాలోని మిషిగన్‌లో ఉప్పు వంటింట్లో కంటే రోడ్డు మీదే ఎక్కువ ఖర్చవుతుందన్న సంగతి, అక్కడ కొడుకు దగ్గర ఒక చలికాలం గడిపి వచ్చిన మా మామగారి పుణ్యమా అని వనస్థలిపురంలోని మా అపార్ట్‌మెంటు మొత్తానికీ తెలిసిపోయింది. మామూలు నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడితే, ఉప్పు తగినంత కలిసిన నీరు దాదాపు మైనస్ 21 డిగ్రీల దాకా గడ్డకట్టకుండా ఉండగలదు కనుక, రోడ్ల మీది మంచు కరగడానికి అక్కడివాళ్ళు ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరే చక్రాల నుంచి చిమ్మి, కారు అడుగున అతుకుల్లో చేరి, ఇనుమును మామూలుకంటే వేగంగా తుప్పు పట్టిస్తుంది. రోడ్ల మీద చల్లే ఉప్పును తవ్వే గని సాక్షాత్తూ కార్ల తయారీకి పేరుపడ్డ డెట్రాయిట్ నగరం కిందే ఉందని చెప్పి, "పైన కార్లు కనడం, కింద వాటిని తినే ఉప్పు తవ్వడం, ఇదేం కాపురమయ్యా!" అని మామగారు సెల్లార్‌లో కనిపించిన ప్రతివారి దగ్గరా నిట్టూర్చారు.

నిట్టూర్పుతో ఆగి ఉంటే బాగుండేది. ఆయన తన కారుకు కూడా అండర్ బాడీ కోటింగ్, అంటే అడుగున తుప్పు పట్టకుండా వేసే పూత, వేయిస్తానన్నారు. మన ఊళ్ళో పది, పన్నెండు డిగ్రీలకే మఫ్లర్లు బయటికి వస్తాయి గానీ రోడ్డు మీద ఉప్పు చల్లేవారెవరూ లేరనీ, ఉప్పుగాలి తగలాలంటే మచిలీపట్నం దాకా మూడు వందల కిలోమీటర్లకు పైగా పోవాలనీ నేను మనవి చేసుకున్నాను. "అల్లుడుగారూ, మలక్‌పేట రైలు వంతెన కింద వానాకాలంలో నిలిచే నీళ్ళ మాటేమిటి?" అని ఆయన అడిగారు. ఆ నీళ్ళలో ఒకసారి కారుతో సహా నిలబడినవాణ్ణి కనుక నోరు మూసుకున్నాను.

మా బావమరిది ఫోనులో జాగ్రత్తలన్నీ చెప్పాడు. గొర్రె ఉన్ని నుంచి తీసే కొవ్వుతో చేసిన నూనెలాంటి పూత సందుల్లోకి పాకుతుందనీ, కాకపోతే ఏటా మళ్ళీ వేయించాలనీ, రబ్బరులాంటి మందపాటి నల్ల పూత పగిలితే దాని వెనక నీరు దాగి లోలోపలే తుప్పు పెరుగుతుందనీ వివరించాడు. సైలెన్సర్ మీదా బ్రేకుల మీదా పూత పడకూడదనీ, తలుపుల అడుగున ఉండే చిన్న రంధ్రాలను మాత్రం పొరపాటున కూడా మూయించవద్దనీ హెచ్చరించాడు. మామగారు ఇదంతా గుండ్రటి అక్షరాలతో కాగితం మీద రాసి, మెకానిక్ షెడ్డుకు తీసుకువెళ్ళి ఇచ్చారు. ఆ మెకానిక్ కాగితాన్ని భక్తిగా అందుకుని, దాని మీద టీ గ్లాసు పెట్టుకున్నాడు. "నూనెకు దుమ్ము పడుతుంది సార్, మనది నల్ల కోటింగ్, పదేళ్ళు చూసుకోనక్కర్లేదు" అని అభయమిచ్చాడు. మనిషి ఉదారుడు; కనిపించిన రంధ్రమల్లా తుప్పుకు దొడ్డిదారి అని నమ్మి, ఒక్కటీ వదలకుండా పూడ్చాడు.

తిరుగు ప్రయాణంలో ఎల్‌.బి.నగర్ సిగ్నల్ దగ్గర వేడెక్కిన సైలెన్సర్ నుంచి కంపుతో నల్లటి పొగ లేచింది. పక్కన ఆగిన బైకు కుర్రవాడు, "అంకుల్, బండి కాలుతోంది!" అని అరిస్తే, "కొత్త పూత నాయనా, పచ్చి ఆరుతోంది" అని మామగారు నిబ్బరంగా సెలవిచ్చారు.

అసలు వేడుక మొదటి పెద్దవాన తరువాత మొదలయింది. కిటికీ అద్దం పక్క సందులోంచి తలుపులోకి కొంత వాననీరు దిగడం ఏ కారుకైనా సహజమే. అడుగు రంధ్రాలు ఉన్నది ఆ నీరు పోవడానికే. ఇక్కడ పోయే దారి లేదు. మలుపు తిరిగిన ప్రతిసారీ నాలుగు తలుపుల్లోనూ గళగళమని చప్పుడు. "వెనక మంచినీళ్ళ క్యాను పెట్టి మూత బిగించడం మరిచారా?" అని అత్తగారు అడిగితే, మామగారు దిగి డిక్కీ అంతా వెతికి, ఖాళీ చేతులతో వచ్చి కూర్చున్నారు. మళ్ళీ మలుపు, మళ్ళీ గళగళ.

చివరకు మా వాచ్‌మన్ స్క్రూడ్రైవర్‌తో తలుపు అడుగున పొడిచాడు. ధార కట్టిన నీటితో మామగారి కొత్త చెప్పులు తడిసి ముద్దయ్యాయి. ఆయన చలించలేదు. వంగి వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, ఆ క్షణంలోనే మిషిగన్‌కు ఫోను కలిపారు.

"ఒరేయ్, రుచి చూశాను. చుక్క ఉప్పు లేదు. మీ ఊరికంటే మా ఊరే నయం!"