విండోస్ 11: ఈ రాత్రే మార్చాలా?

2021 అక్టోబర్ చివరి వారం. ఆ నెల 5న విండోస్ 11 విడుదలైంది. పుస్తకాల పేజీలు కూర్చి ప్రెస్సుకు పంపడం ఈ అక్కాతమ్ముళ్ల పని. పేజీలు అక్క చూసుకుంటుంది, కంప్యూటర్లు తమ్ముడు చూసుకుంటాడు. నాలుగు వందల పేజీల పుస్తకం ఒకటి సగంలో ఉంది. విడుదలైన రోజే తన ల్యాప్‌టాప్‌ను కొత్త విండోస్‌కు మార్చేసిన తమ్ముడు, ఇప్పుడు అక్క కంప్యూటర్ దగ్గరికి వచ్చాడు. నేను ప్రూఫులు దిద్దుతూ ఆ పక్కనే కూర్చున్నాను.

తమ్ముడు: అక్కా, ఈ రాత్రికి నీ కంప్యూటర్ నాకు వదిలెయ్యి. తెల్లారేసరికి విండోస్ 11 వేసి ఉంచుతాను. అది అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా భాగం ఉంది, ఆన్ అయ్యేటప్పుడే కాపలా కాసే సెక్యూర్ బూట్ ఉంది, ప్రాసెసర్ కూడా సరిపోతుంది. డబ్బు కట్టే పనీ లేదు.

అక్క: యంత్రానికి అర్హత ఉంది, సరే. నాకు అవసరం ఉందా? ఈ పుస్తకం ప్రెస్సుకు వెళ్లనీ, తర్వాత చూద్దాం.

తమ్ముడు: ఇది అయ్యేలోపు ఇంకొకటి వస్తుంది. సగంలో పుస్తకం లేని రోజు మనకు ఎప్పుడుంది?

అక్క: అయితే నీ ల్యాప్‌టాప్ తెరువు. ఆ ఫోల్డర్‌లోంచి ఒక బొమ్మను పట్టుకుని కిందికి లాగు. టాస్క్‌బార్‌లో పేజీల ప్రోగ్రాం గుర్తు మీద ఒక్క క్షణం ఆపు. విండో పైకి రాగానే బొమ్మను పేజీలో వదులు.

(తమ్ముడు లాగాడు. గుర్తు మీదికి రాగానే బాణం పక్కన అడ్డగీత ఉన్న చిన్న వలయం కనిపించింది. విండో పైకి రాలేదు. మళ్లీ లాగాడు. మళ్లీ అదే వలయం.)

అక్క: విండోస్ 10లో నేను రోజుకు వంద సార్లు చేసే పని అది. కొత్తదాంట్లో తీసేశారు. టాస్క్‌బార్‌ను పక్కకు జరుపుకునే వీలు కూడా తీసేశారు.

తమ్ముడు: రెండు విండోలూ పక్కపక్కన పెట్టుకో. ఇందులో విండోలను సర్దే పద్ధతి మునుపటికంటే ఎంతో బాగుంది. నాలుగు రోజుల్లో చేతికి అలవాటవుతుంది.

అక్క: అలవాటవుతుంది, కాదనను. ఆ నాలుగు రోజుల్లో వెనకబడే పేజీలు ఎవరి లెక్కలో వెయ్యాలి? గడువు మనకు ఉంది, మైక్రోసాఫ్ట్‌కు లేదు.

తమ్ముడు: చేతి అలవాటు కోసం కొత్తది మానుకుంటే మనం ఇంకా మొదటి కంప్యూటర్ దగ్గరే ఉండేవాళ్లం.

అక్క: అలవాటు ఒక్కటే అయితే ఈ రాత్రే ఇచ్చేదాన్ని. నా కంప్యూటర్‌లో ఉన్నది ఏఎండీ కంపెనీ రైజెన్ ప్రాసెసర్. విండోస్ 11 వేసిన రైజెన్ యంత్రాల్లో ఎల్3 క్యాష్, అంటే ప్రాసెసర్ లోపలి వేగపు మెమరీ, నెమ్మదించిందనీ, కొన్ని ప్రోగ్రాములు 3 నుంచి 5 శాతం దాకా మందగించవచ్చనీ ఏఎండీయే ఒప్పుకుంది. ఆ క్యాష్ దోషానికి సవరణ అక్టోబర్ 21న వచ్చింది. మొదటి రోజే మార్చుకున్నవాళ్లు రెండు వారాలకు పైగా ఆ బరువు మోశారు. ఆగిన నాకు అలాంటిదొకటి ఉందన్న సంగతి చదివితేనే తెలిసింది.

తమ్ముడు: మోసినవాళ్లు చెప్పబట్టే కదా సవరణ వచ్చింది! అందరూ నీలాగే ఒడ్డున కూర్చుంటే లోతు తెలిసేదెలా? ఎవరో ఒకరు ముందు దిగాలి.

అక్క: నువ్వు దిగావు, మంచిదే. నీ ల్యాప్‌టాప్‌లో పోయేదేమీ లేదు. 2018 అక్టోబర్ సంగతి గుర్తుందా? విండోస్ 10కు ఆ నెలలో వచ్చిన 1809 అప్‌డేట్?

తమ్ముడు: ఫైళ్లు పోయాయన్నది అదేనా? పోయింది చాలా కొద్దిమందికి.

అక్క: ఎలా పోయాయో చూడు. డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ను వేరే డ్రైవ్‌కు మళ్లించుకున్నవాళ్లు కొందరున్నారు. మళ్లించినా, అంతకుముందు దాచినవి పాత చోటే ఉండిపోయాయి. అప్‌డేట్ ఆ పాత ఫోల్డర్‌ను అక్కరలేని నకలుగా లెక్కవేసి, లోపలున్న ఫైళ్లతో సహా తుడిచేసింది. అక్టోబర్ 2న విడుదల చేసినదాన్ని కొద్ది రోజుల్లోనే ఆపి, మళ్లీ నవంబర్ 13న గానీ బయటికి పంపలేదు. అంతకుముందు నెలల్లో పరీక్షించినవాళ్లలో కొందరు ఈ దోషం గురించి రాసినా, వేల ఫిర్యాదుల మధ్య అది ఎవరి కంటా పడలేదు. నువ్వు చెప్పిన ఆ కొద్దిమందిలో ఒకరు నాలాగా సగంలో పుస్తకం పెట్టుకుని కూర్చున్నవాళ్లయితే?

తమ్ముడు: అందుకేగా బ్యాకప్. పైగా మార్చాక పది రోజుల లోపు పాత విండోస్‌కు తిరిగి వెళ్లే దారి ఉంది.

అక్క: పది రోజులు! మన పనిలో తప్పు ఎప్పుడు బయటపడుతుంది? ఫాంటు కొలత వెంట్రుకవాసి మారినా పంక్తి తెగే చోటు మారుతుంది. ఒక్క పంక్తి కిందికి జారితే అధ్యాయమంతా జరుగుతుంది. అది తెలిసేది ప్రూఫు చేతికి వచ్చాక, అంటే మూడు వారాలకు. అప్పటికి నీ పది రోజుల తలుపు మూసుకుపోతుంది. నీ ల్యాప్‌టాప్‌లో ఇప్పటికే మూసుకుపోయింది, చూసుకున్నావా?

(ఈ మాట దగ్గర నేను పూర్తిగా అక్క పక్షం. పంక్తి జారిన పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి మళ్లీ చదవాల్సింది నేనే.)

తమ్ముడు: సరే, పేజీల సంగతి నీకు తెలిసినంత నాకు తెలియదు. కాని భద్రత మాటేమిటి? 2017 మే 12న, ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వన్నాక్రై వైరస్ విరుచుకుపడింది. నూట యాభై దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలో ఫైళ్లకు తాళం పడింది. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో వేలాది అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. పాతదే చాలనుకున్నవాళ్లే కదా చిక్కుకున్నారు?

అక్క: కాదు. అందులో ఎక్కువ యంత్రాలు విండోస్ 7వి. అప్పటికి దానికి కంపెనీ మద్దతు ఇంకా ఉంది. ఆ రంధ్రాన్ని పూడ్చే సవరణ మార్చి 14నే, అంటే రెండు నెలల ముందే వచ్చింది. వాళ్లు చేసిన తప్పు పాత విండోస్ వాడడం కాదు, వచ్చిన సవరణ వేసుకోకపోవడం. నెలనెలా వచ్చే భద్రతా సవరణలను నేను ఒక్కటీ వదలను, ఆ రోజే వేస్తాను. ఇంటి తలుపుకు గడియ బిగించడం వేరు, ఇల్లే మారడం వేరు. నువ్వు రెండింటినీ కలిపి నన్ను భయపెడుతున్నావు.

తమ్ముడు: గడియ బిగించేవాడు ఎల్లకాలం రాడుగా? 2014 ఏప్రిల్ 8తో విండోస్ ఎక్స్‌పీకి మద్దతు ఆగిపోయింది. వన్నాక్రై కొట్టాక గాని దానికి ఆ సవరణ బయట పెట్టలేదు.

అక్క: అందుకే మద్దతు ఆగే తేదీ ముఖ్యం. విండోస్ 10కు అది 2025 అక్టోబర్ 14. నాలుగేళ్లు ఉంది. నేను ఎల్లకాలం ఉంటానన్నానా? విండోస్‌లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టం, ఉబుంటు, దాని వాళ్లను చూడు. ఏప్రిల్‌లో కొత్త దీర్ఘకాలిక వెర్షన్ తెస్తారు, కాని పాత దీర్ఘకాలిక వెర్షన్‌లో ఉన్నవాళ్లకు మారమని చెప్పేది మొదటి సవరణ విడుదల తర్వాతే, వేసవి దాటాక. మైక్రోసాఫ్ట్ కూడా అర్హత ఉన్న యంత్రాలన్నింటికీ ఒకేసారి ఇవ్వడం లేదు, 2022 మధ్యదాకా విడతలుగా ఇస్తామంది. తయారు చేసినవాళ్లే ఆగి చూస్తుంటే నాకెందుకు తొందర?

(తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. ఓడిపోయాడనుకున్నాను. అతని చూపు మాత్రం గది మూలకు వెళ్లింది.)

తమ్ముడు: తేదీ ముఖ్యం అన్నావు కదా. ఆ మూలనున్న స్కానర్ కంప్యూటర్‌లో ఏముంది అక్కా?

అక్క: విండోస్ 7. తర్వాతి వెర్షన్లలో ఆ స్కానర్‌ను నడిపే డ్రైవర్ ప్రోగ్రాంను దాని తయారీదారు ఇవ్వలేదు. నీకు తెలియనిదా?

తమ్ముడు: విండోస్ 7కు మద్దతు 2020 జనవరి 14తో ముగిసింది. ఏడాదిన్నర దాటింది. దానికి సవరణలు రావు, అయినా అది ఇంటర్నెట్‌లో ఉంది. నీ పేజీలన్నీ ఉన్న ఉమ్మడి ఫోల్డర్ దాంట్లోంచి తెరుచుకుంటుంది. వన్నాక్రై పాకింది సరిగ్గా అలాంటి దారి వెంటే, ఫైళ్లు పంచుకునే దారి వెంటే. నువ్వు ఇక్కడ నెలనెలా గడియ బిగిస్తున్నావు, పెరటి తలుపు ఏడాదిన్నరకు పైగా తీసే ఉంది.

అక్క: స్కాన్ చేసిన బొమ్మలు ఇటు రావాలి కదా.

తమ్ముడు: పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుందాం. నీ కంప్యూటర్ జోలికి రాను, పుస్తకం అయ్యేదాకా అడగను కూడా. కాని ఆగడానికి నువ్వు చెప్పిన కారణాల్లో ఒక్కటీ ఆ యంత్రానికి వర్తించదు.

(అక్క జవాబు చెప్పలేదు. కుర్చీ వెనక్కి జరిపి మూలకు నడిచింది. బల్ల కింద వంగి, దుమ్ము పట్టిన నెట్‌వర్క్ వైరును వేలితో నొక్కి లాగింది. టిక్కుమని ఊడి వచ్చింది. యంత్రం వెనక మెరుస్తున్న ఆకుపచ్చ దీపం ఆరిపోయింది.)

అక్క: ఏదీ, పెన్‌డ్రైవ్ ఇటివ్వు. మూడో అధ్యాయం బొమ్మలు ఇందులోనే ఉన్నాయి.