జీతం బిల్లు, తనిఖీ నివేదిక ఒకే చేతిలో

మండల విద్యాధికారి (ఎంఈవో) వస్తున్నారని కబురందితే బడిలో ముందుగా సర్దుకునేవి రిజిస్టర్లే. హాజరు పట్టీ, మధ్యాహ్న భోజనం లెక్క, మరుగుదొడ్ల ఫొటో, టీచింగ్ నోట్స్, యూడైస్ (దేశంలోని బడుల సమాచారాన్ని నమోదు చేసే వ్యవస్థ) వివరాలు సరిచూసేసరికే పూట గడిచిపోతుంది. నాలుగో తరగతి పిల్లవాడు తన వాచకంలోని ఒక పేరాను తడబడకుండా చదవగలడా లేదా అన్నది మాత్రం ఏ గడిలోనూ నమోదు కాదు.

దీనికి ఆ అధికారి ఒక్కరినే నిందించలేం. ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయుల జీతాల బిల్లులు, సెలవులు, సర్వీసు పుస్తకాలు చాలాచోట్ల ఆయన కార్యాలయం గుండానే నడుస్తాయి. పాఠం ఎలా చెబుతున్నారో తేల్చవలసిన వ్యక్తీ ఆయనే కావడంతో టీచరు తన ఇబ్బందిని దాచుకుంటారు, ఆయన దాన్ని చూడనట్టు దాటిపోతారు. పాలనను, విద్యాపర్యవేక్షణను వేరు చేయాలని 1966లోనే కేంద్రం నియమించిన కొఠారి విద్యా కమిషన్ సూచించింది. బడులను నడిపే శాఖే వాటికి ప్రమాణాలు నిర్ణయించకూడదని, అందుకు రాష్ట్రస్థాయిలో స్వతంత్ర ప్రమాణాల సంస్థ ఉండాలని 2020 జాతీయ విద్యావిధానం మళ్లీ చెప్పింది.

మన రాష్ట్రాల్లో జరిగిందేమిటి? తెలంగాణలో సర్వీసు నిబంధనల వివాదం తెగక ఏళ్ల తరబడి ఎంఈవో పోస్టులు భర్తీ కాలేదు. తన బడిని చూసుకోవలసిన ప్రధానోపాధ్యాయుడే ఇన్‌ఛార్జిగా మండలమంతటినీ, కొన్నిచోట్ల రెండు మూడు మండలాలనూ మోయవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2019లో పాఠశాల విద్య నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్‌ను చట్టం ద్వారా నెలకొల్పింది, 2022లో మండలానికి రెండో ఎంఈవో పోస్టును సృష్టించింది. ఇది మెచ్చుకోదగిన అడుగే అయినా, పని స్వభావం మారకుండా మనుషులను పెంచితే పెరిగేది సంతకాల సంఖ్యే.

తనిఖీని శాఖ నుంచి విడదీసినంత మాత్రాన అంతా చక్కబడుతుందని కూడా మేము అనడం లేదు. 1992లో ఏర్పడిన ఇంగ్లండ్ తనిఖీ సంస్థ ఆఫ్‌స్టెడ్ బడి మొత్తాన్ని ఒక్క మాటలో తేల్చేసే గ్రేడులు ఇచ్చేది. రీడింగ్ పట్టణంలో ఒక ప్రధానోపాధ్యాయురాలి ఆత్మహత్యకు ఆ తనిఖీ కూడా కారణమైందని 2023 డిసెంబరులో అక్కడి విచారణాధికారి తేల్చారు. మరుసటి ఏడాది సెప్టెంబరులో ప్రభుత్వ పాఠశాలలకు ఆ ఏకపద తీర్పును రద్దు చేశారు. మన ఐటీఐలకు గ్రేడులు ఇచ్చేవారూ ఈ అనుభవాన్ని గమనించాలి. ఫిట్టర్ ట్రేడులో లేత్ యంత్రం ఉందా అని కాక, ఆ యంత్రంపై కుర్రవాడు ఎన్ని గంటలు పనిచేశాడని అడగాలి.

రెండు ప్రభుత్వాలూ ఈ విద్యా సంవత్సరంలోనే చేయగలిగిన పనులున్నాయి. జీతాల బిల్లులను ఎంఈవోల నుంచి తప్పించి, తరగతి గదిలో కనీసం ఒక పూర్తి పీరియడ్ కూర్చోవడాన్ని తనిఖీలో తప్పనిసరి చేయాలి. ఆ నివేదికను తేట తెలుగులో రాయించి, తల్లిదండ్రులకు కనిపించేలా బడి గోడకు అతికించాలి.